అమ్మకానికి లేని ప్రశ్న

మా నాన్న బట్టల కొట్టుకి నాలుగు మెట్లుండేవి. బేరం కుదరక చీర పక్కకి నెట్టి లేచిన ఆవిడ ఆ మెట్లు దిగుతుంటే నాన్న తల ఎత్తేవాడు కాదు. మొదటి మెట్టు మీద పిలిస్తే మనకి గతిలేదనుకుంటుంది. రెండో మెట్టు మీద పిలిస్తే ఇంకొంచెం తగ్గించమంటుంది. నాలుగోది దిగిందంటే ఇక పక్క కొట్టువాడి మనిషే. మూడో మెట్టు మీద, అదీ ఎడమ కాలు కిందికి జాపినప్పుడు, "అమ్మా, ఒక్క మాట" అనాలి. ఈ విద్య నాకు ఏడేళ్ళకే వచ్చేసింది. ఎక్కాలు ఆ తరవాతే.

పెద్దయ్యాక కొనే చోట కూడా అదే పద్ధతి పట్టాను. చీరాలలో చీరల దగ్గర, గుంటూరులో స్టీలు గిన్నెల దగ్గర, ఆఖరికి నా పెళ్ళిచూపుల్లో కూడా లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగినదాన్ని. మా ఆయన పిలిచాడు. పిలవలేదని ఇప్పటికీ వాదిస్తాడు.

ఒక్కసారే ఆ విద్య నన్ను మోసం చేసింది. మా ఎమ్మెల్యే ఇంటి మెట్ల మీద, మూడో మెట్టు దగ్గర, ఎడమ కాలు గాల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు.

ఆ మెట్ల దాకా ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే ముందు మిరప విత్తనాల గురించి చెప్పాలి.

అత్తవారింటికి వచ్చాక నా చేతికొచ్చింది విత్తనాల, పురుగుమందుల కొట్టు. మా వీధి మొత్తం కొట్లే. పొద్దున్నే షట్టర్లు లేచే చప్పుడే మాకు కోడికూత. మా ఆయన నెమ్మదస్తుడు. సరుకు సర్దడం ఆయన పని, నోరు పెట్టడం నా పని. ఆ ఏడాది ఒక కంపెనీ మిరప రకం తెచ్చాం. కవరు మీద ఎర్రటి కాయలు, ఒక్కోటీ జానెడు. చూస్తేనే కళ్ళు మండేలా ఉన్నాయి. రైతులు ఎగబడ్డారు. బిల్లు కావాలంటే ఒక రేటు, వద్దంటే ఇంకో రేటు అని నవ్వుతూ అన్నాను. అందరూ నవ్వుతూ బిల్లు వద్దన్నారు. ఆ నవ్వు ఎంత ఖరీదైందో నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం పిన్ని వచ్చింది. సొంత పిన్ని కాదు, వరసకి. మూడెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసే మనిషి. భుజాన ఒక మిరప చెట్టు వేర్లతో సహా పెరుక్కొచ్చింది. దాన్ని నా బల్ల మీద అడ్డంగా పడుకోబెట్టింది. చెట్టు నా నడుము దాకా ఉంది. ఆకు నిగనిగలాడుతోంది. కాయ మాత్రం వెతికితే నాలుగు.

"చూడవే అమ్మాయ్. ఇది మిరప చెట్టా, గోరింటాకు చెట్టా? రుబ్బి చేతులకి పెట్టుకోనా?"

"తామర పురుగు ఏమన్నా పట్టిందేమో పిన్నీ."

"పురుగుకి కూడా నచ్చలేదే ఇది. ఒక్కటి వాలితే ఒట్టు."

కంపెనీవాళ్ళని అడిగితే వాతావరణం అన్నారు, నీళ్ళు ఎక్కువ పెట్టారన్నారు, మందు తప్పు కొట్టారన్నారు. ఆ రకం వేసిన చేలన్నీ అలాగే ఉన్నాయి. పిన్నీ, ఇంకో ఇరవై మంది రైతులూ కలిసి మా ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళారు.

మా ఎమ్మెల్యే అంటే నాకు ఎమ్మెల్యే కాదు. హైస్కూల్లో ఒకే బెంచీ. నా చేత తెలుగు వ్యాసాలు రాయించుకునేది, తన సోషల్ నోట్సు నాకిచ్చేది. ఆ మార్పిడిలో కూడా నాకే లాభం ఉండేలా చూసుకున్నాను, నాలుగు పేజీలకి ఆరు పేజీలు. తరవాత సోషల్ టీచరై ఇరవయ్యేళ్ళు పాఠాలు చెప్పింది. మొదటిసారి నిలబడి మొదటిసారే గెలిచింది. పది మందిలో "మేడమ్ గారూ" అంటాను. ఇద్దరమే ఉంటే "ఏమే" అంటాను.

ఆవిడ రైతుల మాట విని అసెంబ్లీలో ప్రశ్నకి నోటీసు ఇచ్చింది. ఫలానా మండలాల్లో మిరప విత్తనం కాపు రాక రైతులు నష్టపోయిన మాట ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వస్తే ఆ విత్తనాన్ని పరీక్ష చేయించారా, చేయించకపోతే ఎందుకు చేయించలేదు, ఈ సంగతులు మంత్రిగారు దయచేసి తెలియజేస్తారా అని. మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాల్సిన రకం ప్రశ్న అది. ఆ కాగితం రైతుల కంటే ముందు మా డీలర్ల వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అరగంటలో డీలర్ల సంఘం ప్రెసిడెంటూ, కంపెనీ మేనేజరూ నా కొట్లో ఉన్నారు.

"అక్కా, ఈ పని నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు" అన్నాడు ప్రెసిడెంటు, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

"ఏం పని?"

"ఆ ప్రశ్న వెనక్కి తీసుకోమని మేడమ్‌కి చెప్పాలి. అది అసెంబ్లీలో చర్చయితే మనందరి లైసెన్సుల మీదికి వస్తుంది. నీ మాట ఆవిడ కాదనదు. నీకంటే బేరం తెలిసినవాళ్ళు జిల్లాలో ఎవరున్నారక్కా?"

నేను పడిపోయింది ఆ ఆఖరి వాక్యానికే. ఇన్నేళ్ళ మీద ఎంతమంది కస్టమర్లని ఆ వాక్యంతో పడగొట్టానో నాకే గుర్తులేదు. నాన్న కొట్లో "మీకంటే రంగులు తెలిసినవాళ్ళెవరున్నారమ్మా" అంటే చాలు, చీర మడత పెట్టించుకునేవాళ్ళు. అదే ఉచ్చు నాకు వేస్తే హాయిగా కాలు పెట్టాను.

మేనేజరు ఇస్త్రీ చొక్కా సర్దుకుని రెండు ముక్కలు చెప్పాడు. ప్రశ్న వెనక్కి తీసుకుంటే మేడమ్ సొంతూళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తారు, మేడమ్ చేతే రిబ్బను కత్తిరింపిస్తారు. తీసుకోకపోతే మేడమ్ తమ్ముడి కోల్డ్ స్టోరేజీకి ఈ సీజన్లో ఒక్క మిరపకాయల బస్తా, ఒక్క టిక్కీ కూడా రాదు. "మాకు తెలిసిన వ్యాపారులు చాలామంది ఉన్నారండి. ఊరికే చెబుతున్నా" అన్నాడు.

అది బెదిరింపని నాకు అప్పుడు తట్టలేదు. నిజం చెబుతున్నాను. ఒక చేత్తో ఇస్తాం, ఇంకో చేత్తో ఆపుతాం అనడం మా వీధిలో రోజూ వినే మాటే. ప్రశ్న ఆవిడది, కాగితం ఆవిడది. ధర నచ్చితే ఇస్తుంది, నచ్చకపోతే లేదు. నేనెందుకు బాధపడాలి అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గోంగూర పచ్చడి సీసా ఒకటి సంచీలో వేసుకుని బయల్దేరాను. ఎప్పుడు వెళ్ళినా పచ్చడి తీసుకెళ్ళడం నాకు అలవాటు. వరండా నిండా అర్జీల జనం. నన్ను చూసి లోపలి గదిలోకి రమ్మంది.

"ఏమే, ఎండలో పడి వచ్చావు?"

కొనేవాళ్ళు ముందు సరుకుని తీసిపారెయ్యాలి. అది మొదటి సూత్రం. "ఏదో ప్రశ్న వేశావంటగా. దాంతో ఏమొస్తుందే? మంత్రిగారు లేచి లేదండి అంటారు, కూర్చుంటారు. నువ్వూ కూర్చుంటావు."

"అంత పనికిమాలినదైతే నువ్వు బస్సెక్కి ఎందుకొచ్చావు?"

మొదటి సూత్రం అక్కడే పోయింది. సరేనని రెండోదానికి వెళ్ళాను. నీళ్ళ ప్లాంటు సంగతి చెప్పాను. బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరడం, ఫ్లోరైడు లేని నీళ్ళు, అన్నీ రంగులద్ది మరీ చెప్పాను. ఆవిడ వింటూ ఉంది. ఆ తరవాత గొంతు కాస్త తగ్గించి తమ్ముడి కోల్డ్ స్టోరేజీ సంగతి చెప్పాను. కొట్లో విన్నప్పుడు మామూలుగా ఉన్న మాట, చిన్నప్పుడు నాతో కలిసి జామకాయలు తిన్న మనిషి ముందు నా నోట్లోంచి వచ్చేసరికి వేరేగా వినబడింది. ఏదో పాడైన కూర మూత తీసినట్టనిపించింది.

ఆవిడ కలం తీసింది. "మళ్ళీ చెప్పు. నెమ్మదిగా."

"ఎందుకే?"

"రాసుకోవడానికి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఏ మాట అన్నారు."

"ఇందులో రాసుకునేదేముందే? బేరం ఇది. కాదంటే కాదను. మీ ఎమ్మెల్యేలకి ఏవో ప్రత్యేక హక్కులుంటాయి కదా. నీ హక్కే కదా, నువ్వు వదులుకుంటే అడిగేదెవరు?"

ఆవిడ కలం పక్కన పెట్టింది. టీచరు గొంతు వచ్చేసింది. "నీ కొట్లో కాటా ఉంది. సరుకు తూస్తుంటే ఎవడో వచ్చి పళ్ళెం మీద వేలు పెట్టాడనుకో. ఊరుకుంటావా?"

"చెయ్యి విరగ్గొడతాను."

"ఎందుకు? వాడు నిన్ను ముట్టుకోలేదుగా."

నేను సంచీలోంచి పచ్చడి సీసా తీసి బల్ల మీద పెట్టాను.

"ఆ హక్కులు నాకు నగల్లాగా పెట్టుకోవడానికి ఇవ్వలేదే. ఓట్లేసినవాళ్ళ తరఫున లోపల తూకం సరిగ్గా వెయ్యమని ఇచ్చారు. నా సొంతమైతే నీకు ఊరికే ఇచ్చేదాన్ని, పచ్చడి కూడా అడక్కుండా. సభ్యుల్ని ఆశపెట్టి ఆపినా, భయపెట్టి ఆపినా సభనే ఆపినట్టు. నేను స్పీకర్ గారికి రాస్తే హక్కుల కమిటీ పిలిచి అడుగుతుంది."

"ఎవర్ని పిలుస్తుంది?"

"అన్నవాళ్ళని. మోసుకొచ్చినవాళ్ళని."

మోసుకొచ్చినవాళ్ళంటే ఎవరా అని ఒక్క క్షణం గదంతా చూశాను. నేను తప్ప ఎవరూ లేరు. "నా మీద రాస్తావుటే? ఒకే బెంచీ మీద కూర్చున్నదాన్ని!"

"అందుకే అడుగుతున్నా. జరిగింది నువ్వు రాసిస్తావా, నన్నే రాయమంటావా?"

అలాంటప్పుడు నాకు తెలిసిన పని ఒకటే. లేచాను. "సరే, నీ ఇష్టం" అని చీర కొంగు దులిపి వరండా దాటాను. ఒకటి. రెండు. మూడో మెట్టు మీద ఎడమ కాలు జాపి ఆగాను. వెనక ఆవిడ గొంతు వినబడింది.

"రండి పెద్దాయనా, మీ అర్జీ ఏంటి?"

ఆ కాలు అలా ఎంతసేపు గాల్లో ఉందో తెలియదు. పక్కనున్న కానిస్టేబుల్ "కాలు పట్టేసిందా అమ్మా?" అని అడిగాడు. పట్టేసిందన్నాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రోడ్డుకి అటూ ఇటూ మిరప చేలు. మా వైపు రైతులు చేను గట్టున ఒక పుల్ల పాతి ఖాళీ విత్తనాల ప్యాకెట్టు తగిలిస్తారు, ఇది ఫలానా రకం అని దారిన పోయేవాళ్ళకి తెలియాలని. చేను బాగుంటే అందరూ ఆ కవరు చూసి పేరు రాసుకుని నా కొట్టుకొస్తారు. ఆ రోజు బస్సులోంచి చూస్తే ఎర్ర కవర్లు చాలా కనబడ్డాయి. వాటి వెనక పచ్చటి చేలు, కాయలేని పచ్చదనం. అన్నీ నేను అమ్మినవే అయ్యుండవు. కొన్నయినా నావే.

రెండు రోజులకి పిన్ని మళ్ళీ వచ్చింది. ఈసారి చెట్టు లేదు, చేతిలో పుల్లకి గుచ్చిన ఆ ప్యాకెట్టే ఉంది. నేను మేడమ్ దగ్గరికి వెళ్ళిన సంగతి ఆమెకి తెలియదు.

"మేడమ్ ఆఫీసు నించి ఫోను చేశారే. ఆ ప్యాకెట్టు మీద లాట్ నంబరు ఉంటుందంట, అది కావాలంట. నంబరు లేకపోతే మంత్రిగారు ఫిర్యాదే రాలేదని తప్పించుకుంటారంట. చూసి చెప్పు, నాకు కళ్ళు ఆనవు."

నా కళ్ళు బాగానే ఆనుతాయి. కానీ ఆ కవరు మీద ఏమీ లేదు. ఆరు నెలల ఎండ బొమ్మల్నీ అంకెల్నీ కలిపి తినేసింది. ఎర్రటి కాయలు తెల్ల కాయలయ్యాయి.

"మిగతావాళ్ళవి?"

"అందరివీ ఇంతే. బిల్లుంటే అందులో రాసి ఉండేదంట." అంతే అంది పిన్ని. బిల్లు ఎవరు వద్దన్నారో, ఎవరు వద్దనిపించారో అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. తిట్టు తిరిగి తిట్టడం నాకొచ్చు.

మిగిలిన ప్యాకెట్లన్నీ వెనక్కి పంపెయ్యమని వారం ముందే సంఘం వాళ్ళు చెప్పారు. అందరం పంపేశాం. కానీ మా కొట్లో ఒక ఆచారం ఉంది. మా మామగారి తండ్రి నాటిది. ఏ సరుకొచ్చినా అందులో ఒకటి మచ్చు కింద తీసి, విప్పకుండా అటక మీద రేకు పెట్టెలో వేస్తాం. ఇదేదో రైతుల మేలు కోరి పెట్టిన ఆచారం కాదు. సరుకు బాగాలేదని ఎవరన్నా గొడవకొస్తే, మచ్చు తీసి చూపించి వాళ్ళ నోరు మూయించడానికి పెట్టింది. ఆ ఎర్ర కవరు ఒకటి ఆ పెట్టెలో ఉందని పిన్ని చేతిలో ప్యాకెట్టు చూసిన క్షణమే నాకు గుర్తొచ్చింది.

చెప్పలేదు. మజ్జిగ ఇచ్చి పంపించాను.

ఆమె వెళ్ళాక మేనేజరు ఫోను చేశాడు. "మేడమ్ ఏమన్నారండి?"

"బేరం నడుస్తోంది" అన్నాను. నిజమే. కాకపోతే అది నాతో నేను ఆడుతున్న బేరం. ప్యాకెట్టు బయటికి తీస్తే ఆ కంపెనీ సరుకు ఇక నాకు రాదు. సంఘంలో ముఖం చెల్లదు. నా లైసెన్సు మీద కూడా అడగొచ్చు, బిల్లు లేకుండా ఎందుకు అమ్మావని. తియ్యకపోతే ఏమీ కాదు. ప్రశ్న వస్తుంది, మంత్రిగారు ఫిర్యాదు రాలేదంటారు, పిన్ని కౌలు చేను మీద కాయలేని చెట్లు ఎండిపోతాయి. నేను చెప్పినట్టే, "దాంతో ఏమొస్తుంది?" అన్నది నిజమైపోతుంది. నా మాట నెగ్గుతుందంటే జీవితంలో మొదటిసారి నాకు నచ్చలేదు.

మా ఆయనే నిచ్చెన తెచ్చి వేశాడు. ఏమీ అడగలేదు. "పెట్టె ఎడం పక్క ఉంది" అన్నాడంతే.

మర్నాడు మళ్ళీ ఆ మెట్లెక్కాను. ప్యాకెట్టు సంచీలోనే ఉంచి, ముందు షరతులు మొదలుపెట్టాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

"నంబరు నా దగ్గరుంటే, నా పేరు బయటికి రాకుండా చూస్తావా?"

"చూడలేను."

"నా డీలర్‌షిప్ పోకుండా?"

"నా చేతిలో లేదు."

"పోనీ ఆ కమిటీకి నన్ను పిలవకుండా?"

"పిలవాల్సిందే." ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "విను. లోపల నిలబడి నేను ఏ కంపెనీ పేరన్నా, ఏ మాటన్నా ఏ కోర్టూ నన్ను అడగదు. కమిటీ ముందు నువ్వు చెప్పే మాటకీ రక్షణ ఉంది. కానీ నీ కొట్టుకి లేదే. బయట వాళ్ళు నిన్ను ఇబ్బంది పెడితే నేను మాట్లాడతాను, పోరాడతాను, కానీ పెట్టరని మాట ఇవ్వలేను. నీకు అబద్ధం చెప్పి ఆ నంబరు తీసుకోను. వద్దనుకుంటే వెళ్ళిపో, నేనేమీ అనుకోను."

నేను పుట్టి పెరిగింది కొట్లలో. చీరలో చిరుగు ఎక్కడుందో కొనేవాళ్ళ కంటే ముందు తనే వేలు పెట్టి చూపించి అమ్మిన మనిషిని నేను చూడలేదు. మా నాన్నతో సహా. నాతో సహా. అలాంటి మనిషి దగ్గర బేరమెలా ఆడాలో నాకెవరూ నేర్పలేదు. ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టాను.

ఆవిడ ముట్టుకోలేదు. "నాకు వద్దు. సభలో ప్యాకెట్లు ఊపడానికి లేదు. నంబరు చెప్పు చాలు. ఇది నువ్వే తీసుకెళ్ళి వ్యవసాయాధికారికిచ్చి రసీదు తీసుకో." నంబరు రాసుకుంది, రెండుసార్లు చదివి సరిచూసుకుంది. ఆ తరవాత ఒక తెల్లకాగితం నా వైపు తోసింది. కంపెనీ మేనేజరు నా కొట్లో అన్న మాటలు, నేను మోసుకొచ్చిన మాటలు, ఒక్కటీ వదలకుండా రాసి సంతకం పెట్టాను. చిన్నప్పుడు తీసుకున్న సోషల్ నోట్సుకి ఇది వడ్డీ అంది ఆవిడ. నాలుగు పేజీలైంది. ఆరు పేజీలకి ఆశపడలేదు.

అసెంబ్లీ రోజు పొద్దున కొట్లో ఫోన్లో సభ ప్రసారం పెట్టి, పురుగుమందు డబ్బాకి ఆనించాం. పిన్ని స్టూలు లాక్కుని ముందు కూర్చుంది. వెనక నలుగురైదుగురు రైతులు నిలబడ్డారు. మా ప్రశ్న జాబితాలో ఆరోది. ప్రశ్నలకిచ్చిన గంట దాటితే మిగిలిన వాటి జవాబులు కాగితాల మీద బల్ల ఎక్కేస్తాయంట, ఇక ఎదురు ప్రశ్న వెయ్యడానికి ఉండదు. నాలుగో ప్రశ్న దగ్గర రోడ్ల గురించి గొడవ మొదలైంది. ఒకరు కూర్చుంటే ఇద్దరు లేస్తున్నారు.

"కూర్చోండయ్యా!" అని పిన్ని ఫోను మీద అరిచింది. "ఎవరిళ్ళ ముందు వాళ్ళు రోడ్లు వేయించుకుంటారుగానీ, మా మిరపకాయల సంగతి చూడండి!"

ఆమె మాట వినబడినట్టే కూర్చున్నారు. అయిదోది తొందరగా అయింది. ఆరో నంబరు పిలిచేసరికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది. మంత్రిగారు లేచి చదివారు. నిర్దిష్టమైన ఫిర్యాదేదీ రాలేదు అధ్యక్షా, అందువల్ల పరీక్ష అవసరం రాలేదు అధ్యక్షా.

మా బెంచీ మనిషి లేచింది. చేతిలో చిన్న కాగితం. లాట్ నంబరు అంకె అంకె విడదీసి చదివింది, క్లాసులో తేదీలు చదివినట్టు. ప్యాకెట్టు ఏ ఆఫీసులో ఎవరికి అందిందో, రసీదు ఎప్పుడిచ్చారో చెప్పింది. మంత్రిగారు వెనక అధికారుల వైపు చూశారు. ఒక చీటీ వచ్చింది. చదువుకుని, ఆ లాట్ పరీక్షకి పంపిస్తామనీ, శాస్త్రవేత్తల్ని పొలాలకి పంపుతామనీ అన్నారు.

ఆవిడ కూర్చోలేదు. "అధ్యక్షా, ఈ ప్రశ్న వెనక్కి తీసుకోమని నా దగ్గరికి రాయబారం వచ్చింది. ఆ విషయం తమకి విడిగా రాసిచ్చాను." పరిశీలిస్తామని స్పీకర్ అన్నారు.

పిన్ని ఫోను మీంచి తల తిప్పకుండానే అడిగింది. "ఎవరే ఆ రాయబారానికి వెళ్ళిన మనిషి?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మంచి అబద్ధం, ఎవరూ పట్టుకోలేనిది. మింగేశాను.

"నేనే పిన్నీ."

అప్పుడు తల తిప్పింది. నన్ను పైనించి కింది దాకా చూసింది, విత్తనం మొలక చూసినట్టు. "ఎంతకి అడిగావే?"

"కుదర్లేదు."

"అయితే నీకు కుదరని బేరం కూడా ఒకటుందన్నమాట" అంది. ఆ తరవాత పడీపడీ నవ్వింది. వెనకున్న రైతులు నవ్వాలా వద్దా తెలియక నా ముఖం చూశారు. నేనూ నవ్వాక నవ్వారు. ఆ నంబరు ఎక్కడిదో కూడా చెప్పాను. "మరి మొన్న మజ్జిగిచ్చి పంపావేం?" అని అడిగింది. లేచి ఆమెకి మళ్ళీ మజ్జిగ కలిపిచ్చాను.

నేను భయపడినవి కొన్ని జరిగాయి. ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. ఆ కంపెనీ సరుకు ఆగిపోయింది. వ్యవసాయాధికారి బిల్లుల గురించి అడిగితే తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాను. మా ఆయన ఖాళీ అయిన అరలో వేపనూనె డబ్బాలు పేర్చాడు. మేడమ్ తమ్ముడి కోల్డ్ స్టోరేజీకి కొందరు వ్యాపారులు నిజంగానే రావడం మానేశారు. కొన్ని వారాలు అది బోసిగా ఉంది. ఆ మాట ఊళ్ళల్లో పాకాక రైతులే ట్రాక్టర్ల మీద తమ టిక్కీలు తెచ్చి అక్కడ పెట్టారు. నిండిందని చెప్పను, సగం పైన నిండింది.

పరీక్షలో కవరు మీద రాసిన రకం ఒకటి, లోపలి విత్తనం ఇంకొకటి అని తేలింది. రైతుల్నీ కంపెనీనీ కూర్చోబెట్టి మాట్లాడారు. అడిగినంత నష్టపరిహారం రాలేదుగానీ, పిన్ని మళ్ళీ కౌలు పట్టుకునేంత వచ్చింది.

హక్కుల కమిటీ నన్ను పిలిచింది. క్యారియర్లో పులిహోర కట్టుకుని గుంటూరులో బస్సు మారి అమరావతి వెళ్ళాను. పొడుగాటి బల్ల, అటువైపు అన్ని పార్టీల వాళ్ళూ. ఆవిడకి వ్యతిరేక పక్షం పెద్దాయన ఒకరు అందరికంటే గట్టిగా మేనేజరుని నిలదీశాడు. "రేపు మా దగ్గరికీ ఇలాగే వస్తారు" అన్నాడు. అది నాకు బాగా గుర్తుండిపోయింది. వీధిలో మేమెంత కొట్టుకున్నా దొంగ తూకపురాయి దొరికితే అన్ని కొట్లవాళ్ళమూ ఒకటవుతాం, అలా అనిపించింది. కంపెనీ వాళ్ళు క్షమాపణ రాసిచ్చారు. నన్ను కూడా ఒకాయన అడిగాడు, "తెలిసీ ఎందుకు మోసుకెళ్ళారమ్మా?" అని. "పొగిడారండి" అన్నాను. బల్ల చుట్టూ నవ్వులు. రాసుకునే ఆయన మాత్రం నవ్వకుండా రాసుకున్నాడు.

బయటికొచ్చి మెట్లు దిగుతున్నాను. ఒకటి, రెండు. మూడోది వచ్చిందని నా కాలికే తెలుసు. ఆగకుండా దిగిపోదామని గట్టిగా అనుకున్నాను.

"ఏమే, ఆగు!"

వెనక్కి చూస్తే మా బెంచీ మనిషి. చేతిలో నా గోంగూర సీసా, కడిగి తుడిచింది.

"ప్రశ్న అయ్యేదాకా మూత తియ్యలేదు. ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలి, బేరం మీద వచ్చిన పచ్చడి కదా. అయ్యాక నాలుగు రోజుల్లో అయిపోయింది. ఈసారి కారం తగ్గించు."

"కారం తగ్గితే గోంగూరెందుకే?" అన్నాను. తగ్గించనని చెప్పి సీసా తీసుకున్నాను.

ఆ తరవాతి వానాకాలం మొదట్లో పిన్ని కొట్టుకొచ్చింది. వేరే కంపెనీ రకం అడిగింది. నేను రేటు చెప్పాను. "బిల్లు రాయి" అంది. రాశాను. "లాట్ నంబరు?" అంది. అదీ రాసి, పెద్దగా చదివి వినిపించాను. బిల్లు మడిచి రవికెలో పెట్టుకుంది. అయినా కదలదు.

"ఇంకేంటి పిన్నీ?"

"మచ్చు తీశావా?"

అటక వైపు చూపించాను.

"ఆ పెట్టె కిందికి దింపి అందరికీ కనబడే చోట పెట్టు. మాటిమాటికీ నిచ్చెనెక్కడానికి నీకేమన్నా పద్దెనిమిదేళ్ళా?"

పెట్టె ఇప్పుడు బల్ల పక్కనే ఉంది. మొన్న ఆ దారిన వెళ్తూ పిన్ని చేను దగ్గర ఆగాను. నారు నిలదొక్కుకుంది. గట్టున పుల్ల పాతి ఉంది. దాని మీది ప్యాకెట్టుకి ఎండా వానా తగలకుండా పైన పాలిథిన్ సంచీ తొడిగి, నంబరున్న వైపు లోపలికి మడిచి, రబ్బరు బ్యాండు వేసింది పిన్ని.